పిలకాయల మనసు బాగోగులకు ఊరి తోడు: నెల్లూరు జిల్లా ఊళ్లలో బృందం కట్టుకునే పద్ధతి

ఉదయగిరి చుట్టుపక్కల ఊరొకటి అనుకోండి. మూడేళ్లు నిండిన బిడ్డకు మాటలు రాలేదు. జేజి "వాళ్ల నాయనకీ ఆలస్యంగానే వచ్చాయి" అంటుంది. అంగన్వాడీ టీచరు గమనించింది, ఏఎన్ఎంకి చెప్పింది, ఆమె నెల్లూరు పెద్దాసుపత్రికి పొమ్మంది. దాదాపు వంద కిలోమీటర్లు. ఒకసారి పోయారు, ఓపీ చీటీ దొరకలేదు, తిరిగొచ్చారు. మళ్లీ పోలేదు. ఇందులో ఎవరి తప్పూ పెద్దగా లేదు. జిల్లాలో సాయం చేసే తలుపులు ఉన్నాయి. ఒకదాని నుంచి రెండోదానికి చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్లే కరువు.

ఆ మనుషులను ఊళ్లోనే తయారు చేసుకోవడం ఎలాగో ఇక్కడ వరసగా చెబుతున్నాం. పొదుపు సంఘం, బడి తల్లిదండ్రుల కమిటీ, యువజన సంఘం, గుడి కమిటీ, మసీదు కమిటీ, చర్చి, ఎవరైనా మొదలుపెట్టవచ్చు. డబ్బు పెద్దగా అక్కర్లేదు. కొన్ని నెలల ఓపిక మాత్రం కావాలి.

మొదటి అడుగు: తలుపుల పటం

ఒక చార్టు కాగితం తీసుకుని నడుమ మీ ఊరి పేరు రాయండి. చుట్టూ ఊరు, మండలం, జిల్లా, ఫోను అని నాలుగు భాగాలు చేయండి.

ఊళ్లో ఉండేవి అందరికీ తెలిసినవే: అంగన్వాడీ, ఆశా, ఏఎన్ఎం, సచివాలయం, బడి. నెలకోసారి అంగన్వాడీలో జరిగే గ్రామ ఆరోగ్య పోషకాహార దినాన్ని మాత్రం జనం టీకాల రోజుగానే చూస్తారు. బిడ్డ ఎదుగుదల గురించి అడగడానికి అంతకన్నా అనువైన రోజు లేదు. తల్లులందరూ అక్కడే ఉంటారు, ఎవరూ ప్రత్యేకంగా పిలిపించారన్న బెరుకు ఉండదు. బాలింత ఉన్న ఇంటికి ఆశా కార్యకర్త 42 రోజుల్లోపు ఆరుసార్లు పోవాలి, ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. బిడ్డ బరువుతో పాటు తల్లి దిగులు కూడా చూడమని ఆమెతో ముందే మాట్లాడుకోండి.

మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రం ఉంటాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే ఐఈఆర్టీ టీచర్లు భవితలో ఉంటారు. వీటితో పాటు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం అంగన్వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వచ్చి, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు పుట్టుకతో వచ్చిన లోపాలు, ఎదుగుదలలో ఆలస్యం చూస్తుంది. 2013 నుంచి నడుస్తున్న కార్యక్రమం ఇది. ఆ బృందం పైకి పంపే చోటు డీఈఐసీ అనే జిల్లా సత్వర చికిత్సా కేంద్రం. బృందం ఎప్పుడొస్తుందో పీహెచ్‌సీలో అడిగి తేదీ రాసుకోండి. ఆ రోజు బడి ఎగ్గొట్టే పిల్లలే తరచూ చూపించాల్సిన పిల్లలు. వాళ్లను ఇంటి నుంచి తీసుకురావడం మీ పని.

జిల్లాలో నెల్లూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి మానసిక వైద్య విభాగం, పిల్లల విభాగం ముఖ్యం. ప్రకాశం వైపు ఊళ్లకు ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రి, జనం నోట ఇప్పటికీ రిమ్స్, దగ్గర. నెల్లూరులో సీఆర్‌సీ కూడా ఉంది. దివ్యాంగుల శిక్షణ, పునరావాసం చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అది, బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం సికింద్రాబాద్‌లో ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ కింద పనిచేస్తుంది. బుద్ధిమాంద్యం, ఆటిజం, మాటల సమస్యలకు వెళ్లదగ్గ చోటు. జిల్లాలో చాలామందికి దాని పేరే తెలియదు. పిల్లల రక్షణ విభాగం, బాలల సంక్షేమ కమిటీ, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కూడా ఈ భాగంలోనే రాసుకోండి.

ఫోను భాగంలో ఇవి ఉండాలి:

14416: టెలి మానస్, మనసు బాగోగులకు ఫోనులో సాయం. 2022 అక్టోబరులో మొదలైంది. ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.
1098: పిల్లలు ఆపదలో ఉంటే.
181: ఆడవాళ్లపై హింస.
108: అంబులెన్సు. 112: పోలీసు.
15100: ఉచిత న్యాయ సహాయం. ఆడవాళ్లు, పిల్లలు, దివ్యాంగులు, మానసిక అనారోగ్యం ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఇస్తారు.

పటం ఇంట్లో కూర్చుని గీస్తే పనికిరాదు. బృందంలో ఇద్దరు ప్రతి చోటుకీ ఒకసారి స్వయంగా పోయి అయిదు సంగతులు కనుక్కోవాలి: వారంలో ఏ రోజుల్లో చూస్తారు, చీటీ ఎన్ని గంటలకు ఆపేస్తారు, ఏ కాగితాలు అడుగుతారు, ఎన్నో నంబరు గది, రెండోసారి ఎప్పుడు రమ్మంటారు. గది నంబరు చిన్న విషయంలా కనిపిస్తుంది. పెద్దాసుపత్రిలో పొద్దున తొమ్మిదింటికి బిడ్డను చంకనేసుకుని అరగంట తిరిగినామె మళ్లీ రాదు. మూడు నెలలకోసారి ఈ వివరాలు సరిచూసుకోవాలి. చూసే రోజులు మారతాయి, డాక్టర్లు బదిలీ అవుతారు.

రెండో అడుగు: మనుషులను ఎంచుకోవడం

నలుగురైదుగురు చాలు. కనీసం ఒక మగమనిషి ఉండాలి. లేకపోతే నాన్నలతో, పదో తరగతి మగపిల్లలతో మాట్లాడేవాళ్లు ఉండరు. అందరూ ఒకే వీధి, ఒకే కులం, ఒకే పార్టీ అయితే సగం ఊరు మీ దగ్గరికి రాదు. ఎక్కువ మాట్లాడేవాళ్లకన్నా కడుపులో మాట దాచుకోగలిగేవాళ్లను ఎంచుకోండి. సచివాలయం మహిళా పోలీసును సలహాకు దగ్గర పెట్టుకోవచ్చు, ఇళ్లకు పోయేటప్పుడు వెంట తీసుకుపోవద్దు. ఆమె ఎంత మంచిదైనా వీధిలో వాళ్లకు పోలీసే కనిపిస్తుంది.

ఈ తోడు మనుషులు కౌన్సెలర్లు కారు, జబ్బు పేరు పెట్టరు, మందు చెప్పరు. వీళ్ల పని నాలుగే: గమనించడం, వినడం, సాయం దొరికే చోటుకు చేర్చడం, మళ్లీ పలకరించడం. ఒక్కొక్కరికి ఒకేసారి మూడు కుటుంబాలకు మించి అప్పగించకండి.

మూడో అడుగు: బృందానికి శిక్షణ

వారానికి ఒకటి చొప్పున ఆరు సమావేశాలు, ఒక్కొక్కటి రెండు గంటలు. బయటి నిపుణులు ఆరింటికీ రారు, రానక్కర్లేదు. రెండింటికి వస్తే చాలు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, సర్వజనాసుపత్రి మానసిక వైద్య విభాగం, సీఆర్‌సీ, ఈ మూడింటికీ రెండు నెలల ముందే ఉత్తరం ఇవ్వండి. "అవగాహన సదస్సు పెట్టండి" అని రాస్తే మైకు, ఫ్లెక్సీ, గంట ఉపన్యాసంతో సరిపెడతారు. "అయిదుగురికి రెండు గంటలు కావాలి. మాటలు ఆలస్యమైన పిల్లలను ఎలా గుర్తించాలి, ఏ కాగితంతో మీ దగ్గరికి పంపాలి, ఈ రెండూ నేర్పండి" అని రాయండి. వాళ్లెవరూ రాకపోతే, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో సంవాద్ విభాగం పిల్లలతో పనిచేసేవాళ్లకు శిక్షణ ఇస్తుంది, దాని సామగ్రి ఆన్‌లైన్లో దొరుకుతుంది.

మొదటి రెండు వారాలు వినడం నేర్చుకోవాలి. దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మానసిక ప్రథమ చికిత్సలోని మూడు మాటలు చాలు: చూడు, విను, చేర్చు. సాధన ఇలా చేయండి. ముగ్గురేసి కూర్చోవాలి. ఒకరు తల్లి, ఒకరు వినేవారు, ఒకరు గమనించేవారు. ఏడు నిమిషాలు గడియారం పెట్టుకోండి. వినేవారు మొదటి సలహా ఎన్నో నిమిషంలో ఇచ్చారో గమనించేవారు రాసుకోవాలి. మొదటి వారం అది సాధారణంగా ఒక నిమిషంలోపే వచ్చేస్తుంది.

తల్లి: "అక్కా, మావోడు నెల రోజుల నుంచి బడికి పోనంటా ఉండాడు. కొట్టినా పోవడంలా."

తప్పు జవాబు: "అట్టా ఊరుకుంటే ఎట్టమ్మా, గట్టిగా చెప్పాల. మా పిలకాయలూ అట్టనే చేసినారు."

మంచి జవాబు: "నెల రోజులా... నీకూ కష్టంగానే ఉంటుంది మా. పొద్దున బడి టయానికి వాడు ఏం చేస్తాడో చెప్పు, వింటా."

రెండో జవాబులో ఓదార్పు ఒక్క ముక్కే. మిగతాదంతా సమాచారం రాబట్టే ప్రశ్న. దానికి వచ్చే జవాబులోనే అసలు సంగతి ఉంటుంది: కడుపునొప్పి అంటాడా, ఆదివారం కూడా నొప్పి ఉంటుందా, ఫలానా సారు పీరియడు ఉన్న రోజే మొండికేస్తాడా. "ధైర్యంగా ఉండు", "అంతా ఆ దేవుడే చూసుకుంటాడు" అనే మాటలు శిక్షణ గదిలో నిషేధించండి. మాట అక్కడితో తెగిపోతుంది.

మూడు, నాలుగు వారాల్లో గుర్తులు. అయిదో వారం ఆపద వేళ. ఆరో వారం కాగితాలు, గోప్యత. ఈ సంగతులన్నీ కింద ఉన్నాయి.

నాలుగో అడుగు: గుర్తులు పట్టడం, రాసుకోవడం

చిన్నపిల్లల్లో వెంటనే చూపించాల్సినవి ఇవి. ఏడాది నిండినా ముద్దుమాటల శబ్దాలు లేకపోవడం, వేలు చూపించడం, టాటా చెప్పడం లేకపోవడం. పదహారు నెలలకు ఒక్క మాటా లేకపోవడం. రెండేళ్లకు "అమ్మా దా", "పాలు కావాల" లాంటి రెండు మాటల కూర్పు సొంతంగా రాకపోవడం. అన్నిటికన్నా ముఖ్యమైంది, వచ్చిన మాట పోవడం. ఏ వయసులోనైనా ఉన్న మాటలు, ఉన్న అలవాట్లు వెనక్కి పోతే ఆ వారమే డాక్టరు దగ్గరికి. "మగపిల్లోడు, నిదానంగా వస్తుందిలే" అనే మాట వల్ల మెదడు బాగా నేర్చుకునే మొదటి మూడేళ్లూ చేజారిపోతాయి.

మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకూ ముందు చెవి పరీక్ష అడగండి. బాగా వినపడుతుందని ఇంట్లోవాళ్లు గట్టిగా చెబుతారు, టీవీ శబ్దానికి తిరుగుతాడని నిదర్శనం కూడా చూపిస్తారు. కొన్ని స్థాయిల శబ్దాలే వినపడే పిల్లలూ అలాగే తిరుగుతారు. చదువులో వెనకబడ్డవాళ్లకు కంటి పరీక్ష, రక్తహీనత పరీక్ష ముందు చేయించాలి.

బడి వయసు పిల్లలకు మూడు ప్రశ్నలు: నిద్ర మారిందా, తిండి మారిందా, ఆట గానీ స్నేహాలు గానీ మానేశాడా. ఏదైనా రెండు వారాలకు మించి నిలబడితే పట్టించుకోవాలి. తలనొప్పి, కడుపునొప్పి పేరుతో దిగులు బయటపడటం మన పిల్లల్లో మామూలు. కళ్లు తిరిగి పడిపోవడం, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం చూస్తే ఇంట్లో గాలి సోకిందంటారు. అది మూర్ఛ కావచ్చు, మనసు ఒత్తిడి కావచ్చు, తేల్చేది డాక్టరే. అయిదేళ్ల లోపు పక్క తడపడం మాత్రం జబ్బు కాదు, దానికి ఎవరినీ తిప్పకండి.

బాలింతలు: రెండు వారాలు దాటినా ఏడుపు, బిడ్డ మీద మనసు పోకపోవడం, బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టకపోవడం ఉంటే ఏఎన్ఎంకి చెప్పండి. కాన్పయిన కొద్ది రోజుల్లోనే అసంబద్ధంగా మాట్లాడటం, ఎవరో చెవిలో చెబుతున్నారనడం, బిడ్డకు హాని చేస్తానన్న మాట వస్తే అదే రోజు ఆసుపత్రి. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలొద్దు.

రాసుకునేటప్పుడు చూసింది రాయండి, అనుకున్నది వద్దు. "మొండివాడు, తిక్క ఎక్కువ" అనేది తీర్పు. "సోమవారం నుంచి గురువారం దాకా ప్రార్థన సమయంలో వాంతి, శుక్రవారం సెలవు, వాంతి లేదు" అనేది సమాచారం. డాక్టరుకు రెండోదే పనికొస్తుంది.

అయిదో అడుగు: తల్లిదండ్రుల సమావేశాలు

ఇదే ఈ పని మొత్తానికీ కండ. ఎనిమిది వారాలు, వారానికి గంటన్నర, ఎనిమిది పది ఇళ్లవాళ్లు. అంతకన్నా ఎక్కువైతే అది సభ అవుతుంది, ఎవరూ నోరు విప్పరు. "సమస్య ఉన్న పిల్లల తల్లులు" అని పిలవకండి. "మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలున్న ఇళ్లు" అని పిలవండి, అందరూ వస్తారు. నాట్లు, కోతల రోజుల్లో పెట్టొద్దు. రొయ్యల గుంటలున్న ఊళ్లలో మగవాళ్లు రాత్రి కాపలా ఉంటారు కాబట్టి వాళ్లకు మధ్యాహ్నం నాలుగింటికి విడిగా రెండు సమావేశాలు పెట్టాలి, టీ కొట్టు పక్కన పెట్టినా తప్పులేదు. పిల్లలను ఆడించడానికి ఇద్దరు ఇంటర్ అమ్మాయిలను మాట్లాడుకోండి. అది మరిచిపోతే మొదటి సమావేశమే ఆఖరిదవుతుంది.

మొదటి వారం ఒకే పని నేర్పండి: రోజుకు పది నిమిషాలు బిడ్డతో ఆట. ఫోను పక్కన పెట్టి, బిడ్డ ఏం ఆడితే అదే. ప్రశ్నలు వద్దు, నేర్పించడం వద్దు, చేసేదాన్ని మాటల్లో చెప్పడమే: "బండి తోస్తా ఉండావా, ఆ, గుంటలో పడింది." చాలామంది తల్లులు రెండో నిమిషంలోనే "ఇదేం రంగు చెప్పు" అని పరీక్ష పెట్టేస్తారు. గదిలో అందరి ముందూ చేయించి చూపించండి.

రెండో వారం మెచ్చుకోలు. "మంచోడివి" అంటే బిడ్డకు తను ఏం చేస్తే మంచోడయ్యాడో తెలియదు. "చెప్పులు గూట్లో పెట్టావే, బాగుంది" అంటే తెలుస్తుంది. మూడో వారం చెప్పే పద్ధతి: దగ్గరికి పోయి, పేరు పిలిచి, ఒకేసారి ఒకే పని. వంటింట్లోంచి "స్నానం చేసి, యూనిఫారం వేసుకుని, పుస్తకాలు సర్దుకో" అని అరిస్తే మూడూ జరగవు, నాలుగోది దెబ్బ.

నాలుగో వారం దగ్గర చాలా ఊళ్లలో బండి ఆగిపోతుంది. చిన్న మారాం చేస్తే పట్టించుకోవద్దు, ఆగిన వెంటనే పలకరించండి అని చెబుతాం. ఇంటికి పోయి మొదలుపెడతారు. మొదటి మూడు నాలుగు రోజులు మారాం తగ్గకపోగా పెరుగుతుంది. బిడ్డకు ఇదివరకు పనిచేసిన ఉపాయం ఉన్నట్టుండి పనిచేయడం మానేసింది కాబట్టి ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. ఇది ముందే చెప్పకపోతే "మీరు చెప్పింది చేస్తే ఇంకా చెడిపోయాడు" అంటారు. మూడో రోజు ఏడుపు చూడలేక జేజి ఫోను చేతికిస్తుంది. అప్పుడు బిడ్డ నేర్చుకున్న పాఠం ఒకటే: పది నిమిషాలు చాలకపోతే అరగంట ఏడవాలి. అందుకే నాలుగో వారానికి జేజిలనూ అబ్బలనూ తప్పక పిలవండి. ఇల్లంతా ఒకే మాట మీద నిలబడే ధైర్యం లేకపోతే ఆ వారం పాఠం మొదలుపెట్టకపోవడమే మేలు. కొట్టడం, తల బాదుకోవడం, వీధిలోకి పరుగెత్తడం లాంటివి పట్టించుకోకుండా వదిలేసేవి కావు, అక్కడ వెంటనే ఆపాలి.

అయిదో వారం దెబ్బలు లేకుండా హద్దులు పెట్టడం. చేసిన పనికి సంబంధించిన చిన్న ఫలితం ఉండాలి: నీళ్లు పారబోస్తే తుడవాలి. అన్నం మాన్పించడం, చీకటి గదిలో పెట్టడం శిక్షణలో చోటు లేనివి. ఆరో వారం పెద్దవాళ్ల సొంత ఒత్తిడి: తాగుడు, అప్పులు, నిద్ర. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి ఆరు లెక్కపెడుతూ వదలడం అయిదు నిమిషాలు చేయించండి. హింస సంగతి ఈ వారమే బయటపడుతుంది కాబట్టి 181, సఖి వివరాలు విడిగా చెప్పాలి, అందరి ముందూ వద్దు. ఏడో వారం ఫోను. రెండేళ్ల లోపు తెర వద్దు, రెండు నుంచి అయిదేళ్లకు రోజుకు గంట మించొద్దని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. అన్నం తినేటప్పుడు ఫోను ఒక్కటి మానిపించగలిగినా గెలిచినట్టే. ఎనిమిదో వారం ఏది పనిచేసింది, ఏది చేయలేదు అనే మాట్లాడుకోవడం.

ఎదుగుదల ఆలస్యం, ఆటిజం ఉన్న రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల ఇళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ వేరే శిక్షణ రూపొందించింది: తొమ్మిది సమావేశాలు, మూడుసార్లు ఇంటికి రావడం. నిపుణులు కానివాళ్లూ నేర్చుకుని నడపగలిగేలా దాన్ని తయారు చేశారు. సీఆర్‌సీ వాళ్లను దీని గురించి అడగండి.

ఆరో అడుగు: చేర్చడం, వెంట పోవడం

ఒక పేజీ ఉత్తరం రాయండి: వయసు, ఏం గమనించారు, ఎప్పటి నుంచి, ఏ పరీక్షలు అయ్యాయి, తోడు మనిషి ఫోను నంబరు. సంచిలో ఆధార్, రేషన్ కార్డు, తల్లీబిడ్డల రక్షణ కార్డు, బడి నోటు పుస్తకాలు రెండు, పాత మందుల చీటీలు. ఇంట్లో తీసిన ఒకటి రెండు నిమిషాల వీడియో కూడా ఉంటే మంచిది. డాక్టరు గదిలో బిడ్డ బుద్ధిగా కూర్చుంటాడు, వీడియో లేకపోతే చెప్పిందంతా అబద్ధంలా ఉంటుంది. మొదటిసారి తోడు మనిషి తప్పక వెంట పోవాలి. పొదుపు సంఘం నుంచి ఇద్దరి బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం ఖర్చు సర్దగలిగితే రెండోసారి పోయే అవకాశం పెరుగుతుంది. కూలి పోగొట్టుకుని రెండుసార్లు నెల్లూరు పోవడం తేలిక కాదు.

తిరిగొచ్చాక మూడో రోజు, పదిహేనో రోజు, నెలకు, మూడు నెలలకు పలకరించండి. మూడో రోజు ఎందుకంటే మందుతో మత్తు, ఆకలి తగ్గడం లాంటివి అప్పటికే కనిపించి ఉంటాయి, ఇంట్లో ఎవరో ఒకరు ఆపేయమని చెప్పే ఉంటారు. దిగులు మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఇబ్బందులు మాత్రం మొదటి రోజు నుంచే ఉంటాయి. ఈ ఒక్క ముక్క ముందుగా చెబితే సగం మంది మానకుండా ఉంటారు. మూర్ఛ మందు అయితే ఒక్క పూట కూడా సొంతంగా ఆపకూడదు.

మొక్కుల సంగతి. కసుమూరు దర్గాకు పోతామన్నా, గుడిలో నిద్ర చేస్తామన్నా అడ్డం పడకండి, గొడవైతే ఆ ఇల్లు మీకు మూసుకుపోతుంది. "మొక్కు తీర్చుకోండి, మందు మాత్రం వెంట తీసుకుపోండి" అంటే చాలు. వాతలు పెట్టడం, కొట్టడం, కట్టేయడం దగ్గర రాజీ లేదు. మానసిక అనారోగ్యం ఉన్నవారిని గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

ఆపద వేళ

చచ్చిపోతాననే మాట పిల్లల నోట వస్తే "చావాలని అనిపిస్తా ఉందా నాయనా" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడగకపోతే ఒంటరితనం పెరుగుతుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుమందులు, మాత్రలు వెంటనే వేరే ఇంటికి తరలించి తాళం వేయండి. మనసులో పుట్టిన ఉధృతి చాలాసార్లు కొద్ది సేపటిలో తగ్గుతుంది, ఆ కొద్ది సేపూ చేతికి ఏదీ అందకపోవడమే ప్రాణం నిలబెడుతుంది. 14416కు అక్కడి నుంచే ఫోను చేసి బిడ్డకు ఇవ్వండి. ఏదైనా తాగి ఉంటే 108, డబ్బాతో సహా ఆసుపత్రికి. వాంతి చేయించడానికి ఉప్పునీళ్లు, గుడ్లు పట్టించి కాలం వృథా చేయకండి. పోలీసు కేసవుతుందని దాచేవాళ్లున్నారు. 2017 చట్టం 115వ సెక్షను ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఇలాంటి కేసుల్లో పోలీసులకు తెలియజేస్తూ ఆసుపత్రి వాళ్లు రాసే ఎంఎల్‌సీ అనే కాగితం మామూలు పద్ధతి.

ఇంటర్, పదో తరగతి ఫలితాల రోజును ఊరి క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి. ఆ రోజు సాయంత్రం తప్పిన పిల్లల ఇళ్లకు తోడు మనిషి పోయి, సప్లిమెంటరీ ఫీజు తేదీ చెప్పి, పెద్దవాళ్లను పక్కకు పిలిచి "ఈ రెండు రోజులు మార్కుల మాట ఎత్తొద్దు" అనాలి.

లైంగిక వేధింపు సంగతి బిడ్డ చెబితే, చెప్పింది చెప్పినట్టు బిడ్డ మాటల్లోనే రాయండి. మళ్లీ మళ్లీ అడగొద్దు. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వొద్దు, నిలబెట్టుకోలేరు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షను కింద తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. 1098 అయినా 112 అయినా చేయండి. పెద్దమనుషుల పంచాయితీలో రాజీ కుదర్చడం నేరాన్ని దాచడమే.

కాగితాలు

వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం సర్టిఫికెట్టుకు స్లాటు సచివాలయంలో గానీ మీసేవలో గానీ తీసుకోవాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం, నేర్చుకోవడంలో లోపం, మానసిక అనారోగ్యం కూడా ఉన్నాయి. వైకల్యం నలభై శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత చదువు హక్కు, పరీక్షల్లో రాసిపెట్టే మనిషి, గంటకు ఇరవై నిమిషాల అదనపు సమయం అడగవచ్చు. పరీక్షకు నెల ముందు అడిగితే ఆలస్యమైనట్టే, తొమ్మిదో తరగతిలోనే మొదలుపెట్టండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంది. వాళ్లకు పద్దెనిమిదేళ్లు నిండాక సంరక్షకుల నియామకం కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ చేస్తుంది.

గుట్టు నిలబెట్టడం

రిజిస్టరులో పేర్లు వద్దు, నంబర్లు చాలు. పేర్లూ నంబర్లూ కలిపిన ఒక్క కాగితం బీరువాలో, తాళం ఒకరి దగ్గర. వాట్సాప్ గ్రూపులో బిడ్డ వీడియో గానీ, "ఫలానా వాళ్లబ్బాయిని ఆసుపత్రికి తీసుకుపోయాం" అన్న గొప్ప గానీ పెట్టొద్దు. సమావేశాల ఫొటోలు పై అధికారులు అడిగితే వెనక నుంచి తీసినవి పంపండి. ఒక్కసారి మాట బయటికి పోతే నెలల పని ఒక్క పూటలో పోతుంది. పోయిందని మీకెవరూ చెప్పరు కూడా, రావడం మానేస్తారు అంతే.

నెలకోసారి బృందం మాత్రమే కూర్చుని ఎవరికి ఏ ఇల్లు బరువుగా ఉందో మాట్లాడుకోవాలి. విన్న బాధ ఇంటికి మోసుకుపోయి నిద్ర పట్టనివాళ్లకు ఒక నెల విరామం ఇవ్వండి, వాళ్ల కుటుంబాలను ఇంకొకరికి అప్పగించండి. అప్పగించేటప్పుడు పాత మనిషి, కొత్త మనిషి ఇద్దరూ కలిసి ఒకసారి ఆ ఇంటికి పోవాలి. ఫోనులో చెప్పి వదిలేస్తే ఆ తల్లి కొత్త మనిషికి మళ్లీ మొదటి నుంచి అంతా చెప్పుకోవాల్సి వస్తుంది.